సూది మేస్త్రి గదిలో పరిమళం

"గదిలో అడుగు పెట్టగానే మీకు ముందు ఏం వాసన వచ్చింది?"

చెసీరా మొహం చిట్లించింది. ఎదురుగా కూర్చున్నది ఊరి ఠాణా అధికారి, మరెషాల్లో ఒరెస్తె గాందోల్ఫి. లోపల గదిలో ఆవిడ దగ్గర పనిచేసే సూది మేస్త్రి లెయార్కో తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. ఎవరి మీద అనుమానం, ఎవరితో గొడవలు అని అడగాల్సినవాడు వాసన సంగతి ఎత్తుతున్నాడేమిటని ఆవిడ బాధ.

"శవాన్ని చూశాక వాసనలు ఎవరికి గుర్తుంటాయి మరెషాల్లో గారూ?"

"ఈ లోయలో పుట్టినవాళ్లకి గుర్తుంటాయి. ఆలోచించకండి. నోటికి ఏ మాట వస్తే ఆ మాట చెప్పండి."

"పుత్సా," అంది ఆవిడ ఠక్కున. "కంపు. ఆడదాని సెంటు కంపు."

గాందోల్ఫి తల ఊపాడు. ఏళ్లుగా అతను ప్రతి సాక్షినీ ముందు అడిగే ప్రశ్న ఇదే. నచ్చితే ప్రొఫూమో, ఏమీ అనిపించకపోతే ఒదోరె, గిట్టకపోతే పుత్సా. గాలి ఒకటే, పీల్చే మనిషిని బట్టి మాట మారుతుంది. ఆ మాటను ఎంచేది ముక్కు కాదు, కడుపు. చెసీరా కడుపులో మంట ఉందని అతనికి అర్థమైపోయింది.

"సెంటును కంపు అన్నారు. కోపం సెంటు మీదా, పూసుకున్న మనిషి మీదా?"

"రెండింటి మీదా! వెయ్యి పందితొడలు ఎండుతున్న గదిలోకి సెంటు పూసుకుని వచ్చిందంటే దానికి బుద్ధుందా? ఒక్క రాత్రి చాలు, కొవ్వు ఆ వాసనంతా పట్టేసుకుంటుంది. నేను సబ్బుతో కూడా స్నానం చేసి ఆ గడప తొక్కను. లెయార్కో ఎవరినీ రానిచ్చేవాడు కాదు. అలాంటివాడు ఎవత్తెనో రానిచ్చాడు!"

"ఎవత్తెనో?"

"తెలిస్తే ఇక్కడ కూర్చుని మీతో కబుర్లు చెబుతానా? ఈపాటికి దాని జుట్టు నా చేతిలో ఉండేది."

"లెయార్కో మీద మీకు ఆశ ఉండేదా సిన్యోరా?"

ఆవిడ ఎర్రబడింది. పదేళ్లుగా ఈ కొట్టాన్ని ఒంటి చేత్తో నడుపుతున్న విధవ. ఇంతవరకూ ఆవిణ్ణి అలా అడిగినవాడు లేడు.

"ఉంటే? ఉండకూడదా? రోజూ మధ్యాహ్నం సూపు నా చేత్తో పోశాను. ఆదివారాలు చొక్కాలు ఇస్త్రీ చేయించాను. ఆ మనిషి నన్నెప్పుడన్నా కళ్లెత్తి చూశాడా? తొడల్ని చూసినంత ప్రేమగా చూసినా బాగుండేది!" అని కొంగు బదులు ఏప్రన్ అంచుతో కళ్లు ఒత్తుకుంది. "నిన్న సాయంత్రం మా అక్క ఊరికి వెళ్లాను. పాల బండిలో తెల్లవారి వచ్చాను. కావాలంటే పాలవాణ్ణి అడగండి."

గాందోల్ఫి అప్పటికే అడిగాడు. ఆవిడ చెప్పింది నిజమే.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. అందరి వాసనలూ అడిగే ఈ మరెషాల్లో ముక్కుకి ఏ వాసనా తెలీదు. మూడేళ్ల కిందట మోటారు సైకిలు జారి తల రాతికి కొట్టుకుంది. పుర్రె అతుక్కుంది కానీ ముక్కు చచ్చిపోయింది. కాఫీ, వాన, చెమట, ఆఖరికి మాడిపోతున్న కూర, అన్నీ అతనికి ఒకటే. ఈ విషయం బొలోన్యాలో ఓ డాక్టరుకి తెలుసు, భార్య నీవెస్‌కి తెలుసు. పైవాళ్ల చెవిన పడితే పింఛను కాగితాలు చేతిలో పెట్టి ఇంటికి పొమ్మంటారని భయం. అందుకే ఎదుటివాళ్ల మాటల్ని పట్టుకుని బతుకుతున్నాడు. వాసన తెలిసినవాళ్లని చూస్తే లోలోపల కుళ్లుకుంటాడు కూడా. అది అతనే ఒప్పుకుంటాడు.

బయట కారు ఆగింది. చెసీరా కిటికీలోంచి చూసి, "మీ స్నేహితుడొచ్చాడు," అంది వెటకారంగా.

పార్మా నగర పోలీసు కమిస్సారియో తుల్లియో రవాల్ది లోపలికి వచ్చాడు. పేపర్లవాళ్లు అతన్ని 'ముక్కున్న కమిస్సారియో' అంటారు. సారా వాసన పట్టి దొంగ డ్రైవరును, బూడిద వాసన పట్టి ఇల్లు తగలబెట్టినవాణ్ణి పట్టుకున్నాడని రెండుసార్లు ఫొటో వేశారు. గాందోల్ఫికి ఆ ఫొటో చూసిన ప్రతిసారీ ఒళ్లు మండేది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. పెళ్లికి ముందు నీవెస్‌ని అడిగినవాళ్లలో తుల్లియో ఒకడు. కాదనిపించుకుని దక్షిణాదికి బదిలీ పెట్టించుకుని పోయాడు. ఈ వసంతంలోనే తిరిగొచ్చాడు, ఇంకా పెళ్లి చేసుకోకుండా.

"ఒరెస్తె! ఏమిటి సంగతులు? ఇంకా సాక్షుల్ని వాసనలు అడుగుతున్నావా?" అంటూ చేయి చాపి, చేతిని పట్టుకునే ఉండి దగ్గరికి వంగాడు. కాలరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"ప్రాసిక్యూటరు గారు. ఊరి ఠాణాకి ఇది మించిన కేసని ఆయన అభిప్రాయం. మధ్యాహ్నానికి స్వయంగా వస్తారు. ఈ కేసు నీదో నాదో అప్పుడు తేలుస్తారట."

"అయితే అప్పటిదాకా నాదే."

"నీదే బాబూ. నీది నేనెందుకు లాక్కుంటాను?" అన్నాడు తుల్లియో. ఆ మాటలో ఏదో ముల్లు ఉన్నట్టనిపించింది గాందోల్ఫికి. కానీ ఆ మనిషి ఏం మాట్లాడినా అతనికి అలాగే అనిపించేది.

తొడలు వేలాడే గదికి నలుగురూ వెళ్లారు. నాలుగో మనిషి ఫెర్మో. చచ్చిపోయిన లెయార్కో కింద చిన్న సూది మేస్త్రిగా, అంటే తొడల్లో సూది గుచ్చి వాసనతో మంచీచెడ్డా తేల్చేవాడిగా ఉన్నవాడు, తెల్లవారుజామున శవాన్ని మొదట చూసినవాడు.

వరసలు వరసలుగా తొడలు. మధ్య నడవలో లెయార్కో బోర్లా పడి ఉన్నాడు. తల వెనక నుంచి దెబ్బ. పక్కనే తొడల్ని కొట్టి చూసే కొయ్య సుత్తి. దాని పిడి నిండా పందికొవ్వు పూత అంటుకుని ఉంది. ఆ గదిలో ఏది ముట్టుకున్నా కొవ్వే, వేలిముద్రల మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పి వెళ్లాడు. మూల బల్ల మీద వైను తాగే గిన్నెలు రెండు కడిగి బోర్లించి ఉన్నాయి.

"గిన్నెలు కడిగి వెళ్లింది," అన్నాడు గాందోల్ఫి. "వచ్చినావిడ హాయిగా తాగి, మర్యాదగా కడిగి, సెలవు తీసుకుని వెళ్లింది. దెబ్బ పడింది ఆవిడ వెళ్లాక. వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడంటే, వచ్చినవాణ్ణి చూసి భయపడలేదు, లేదా అసలు చూడనే లేదు."

"భలే!" అన్నాడు తుల్లియో. "గిన్నెలు చూసి కథలల్లడం నీకే చెల్లు. నేను గాలిని అడుగుతాను." నడవ మధ్యలో నిలబడ్డాడు. కళ్లు మూసుకుని ముక్కుపుటాలు ఎగరేశాడు. "ఆహా. ప్రొఫూమో! ముందు నారింజ తొక్క. అప్పుడే వలిచినంత పచ్చిగా, ఘాటుగా. దాని వెనకాల వయొలెట్ పూలు. అడుగున మెత్తటి పౌడరు. వయసులో ఉన్న పెళ్లైన స్త్రీ. ఖరీదు తెలిసిన మనిషి. నీకూ వస్తోందిగా ఒరెస్తె?"

చెసీరా చూస్తోంది. ఫెర్మో చూస్తున్నాడు. గాందోల్ఫి ముక్కు ఎగబీల్చాడు. చల్లటి గాలి తప్ప ఏమీ లేదు.

"వస్తోంది," అన్నాడు.

"ఏం వస్తోంది?"

"నువ్వు చెప్పిందే. నారింజ."

ఫెర్మో గడ్డం గోక్కుంటూ పక్కకి తిరిగాడు. నవ్వు ఆపుకున్నట్టుంది.

"సరే, నీ సాక్షుల్తో నువ్వు కానివ్వు," అన్నాడు తుల్లియో చేతులు దులుపుకుంటూ. "నేను గేటు దగ్గర ప్రాసిక్యూటరు దొత్తోరె గారి కోసం చూస్తుంటాను. ఆయనకి చెప్పాల్సింది చాలా ఉంది."

అతను వెళ్లాక చెసీరా కూడా వంటింటి వైపు పోయింది. గాందోల్ఫి ఫెర్మోని నడవ చివరికి తీసుకెళ్లాడు.

"నిన్న రాత్రి ఎక్కడున్నావు?"

"బారులో. పాదిరిగారితో పేకాట. ఓడిపోయాను. అరిచాను. ఊరంతా విన్నది."

"లెయార్కో అంటే నీకు పడదట?"

"పడదు! లెయార్కో ముక్కు, లెయార్కో ముక్కు అని మిలాను దాకా ఒకటే మోత. నాదేం గాడిద ముక్కా? పదిహేనేళ్లు వాడి వెనకాల రంధ్రాలకి కొవ్వు పూస్తూ నిలబడ్డాను. కుళ్లుకోలేదని ఎవడన్నాడు? రోజూ కుళ్లుకున్నాను. కానీ మరెషాల్లో, వాణ్ణి చంపేస్తే ఇక నేను ఎవరికన్నా గొప్పవాణ్ణని అనిపించుకోను? వాడు బతికుండగా ఓడించాలని నా పంతం. అది కూడా లేకుండా చేశాడు, ఎవడో దరిద్రుడు."

ఆ మాట నిజంగా కడుపులోంచి వచ్చింది. గాందోల్ఫి నమ్మాడు.

"పొద్దున శవాన్ని చూశావు. తర్వాత?"

"కిటికీలన్నీ తెరిచాను."

"ఏమిటీ?"

"తెరవనా మరి? సెంటు వాసన గదినిండా పట్టేసి ఉంది. వెయ్యి తొడలు! లెయార్కో ఎలాగూ పోయాడు, వాటినైనా దక్కించుకోవాలి కదా? ఆ చివర్నుంచి ఈ చివర్దాకా బార్లా తెరిచి, అప్పుడు టెలిఫోను దగ్గరికి పరుగెత్తాను. కొండగాలి గట్టిగా వీస్తోంది, అదృష్టం."

ఇంకో ఊరి పోలీసయితే చెంప పగలగొట్టేవాడు. గాందోల్ఫి అక్కడివాడే కాబట్టి నిట్టూర్చి ఊరుకున్నాడు. చెసీరా ముందొచ్చి ఉంటే ఆవిడా అదే చేసేది.

"సరే. తెరవకముందు ఏం వాసన వచ్చింది? సూది మేస్త్రిలా చెప్పు."

ఫెర్మో ఛాతీ ఉబ్బింది. జేబులోంచి గుర్రపుటెముక సూది తీశాడు. మాట్లాడుతూనే అలవాటుగా ఒక తొడలోకి దించి లాగి, ముక్కు కింద ఆడించి, రంధ్రానికి బొటనవేలితో కొవ్వు మెత్తాడు. "వయొలెట్లు. పౌడరు. ఆ కింద కర్పూరం గోళీలు, బట్టల పెట్టెలో వేసేవి. ఇంకా కిందకి వెళితే బూటు పాలిష్. నల్లది. అంతే."

"నారింజ?"

"నారింజా?" ఫెర్మో ఇక ఆగలేక పకపకా నవ్వాడు. "ఆ కమిస్సారియో మీకు గాలి అమ్మాడు మరెషాల్లో! తెల్లవారుజామున గది మూసి ఉన్నప్పుడే నారింజ లేదు. ఉంటే నాకు తప్పిపోతుందా? ఇక ఆయన వచ్చిన పదింటికి, కిటికీలన్నీ తెరిచాక, వయొలెట్లే పోయాయి. ఆయన కళ్లు మూసుకుని నారింజ అంటుంటే నేను పెదవి కొరుక్కున్నాను. మీరేమో ఆ పక్కన నిలబడి అవునవునంటున్నారు!"



ఫెర్మో నవ్వు ఆపి అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. "మీకు ముక్కు పనిచెయ్యదు కదూ?"

"నోరు ముయ్యి."

"మూస్తాను. కానీ ఒకటి చెప్పి మూస్తాను. పొద్దున మీరు ఈ గదిలోకి వచ్చినప్పుడు నేను గోడకి అతుక్కుపోయాను, గుర్తుందా? ఎందుకో తెలుసా? గాలికి పోగొట్టిన ఆ వయొలెట్లు మళ్లీ లోపలికి వచ్చాయి. మీతోపాటు. మీ కోటు కాలరు మీద నుంచి. కర్పూరం, బూటు పాలిష్, అన్నీ. చంపినవాడు మీరేననుకున్నాను. తుపాకీ ఉన్న మనిషితో ఏం చెబుతాను? మీరు నారింజకి తలూపాకనే నాకు తెలిసింది, ఈ మనిషికి తన మీద ఏ వాసనుందో తనకే తెలీదని."

ఠాణా పైన రెండు గదుల ఇల్లు. బీరువాలో కర్పూరం గోళీలు నీవెస్ వేస్తుంది. గుమ్మం పక్కన బూటు పాలిష్ డబ్బా ఉంటుంది. పొద్దున టెలిఫోను వచ్చి అతను కోటు తొడుక్కుంటుంటే, నీవెస్ వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి కాలరులో మొహం దాచుకుంది. ఎన్ని నెలలైందో అలా చేసి. ఆ సంతోషంతో అతను జీపు నడుపుతూ ఈల వేశాడు, శవాన్ని చూడ్డానికి వెళుతూ.

తొడను వేలాడదీసిన గుంజని పట్టుకున్నాడు. నీవెస్. లెయార్కో. నీవెస్, లెయార్కో. వాడి గుండ్రటి కళ్లజోడు, నూనె రాసిన మీసం. వాడిలో ఏముంది? ఏముందో అతనికి బాగా తెలుసు. వాడికి ముక్కుంది. ఆమె మెడ దగ్గర వంగి ఇది ఫలానా, ఇది ఫలానా అని పేర్లు పెట్టి చెప్పగల ముక్కు. చచ్చి నేల మీద పడి ఉన్నవాణ్ణి చూసి అతనికి ఇప్పుడు కూడా పళ్లు నూరాలనిపించింది. లేపి మళ్లీ కొట్టాలనిపించింది.

కానీ పోలీసు బుర్ర ఊరుకోదు. కడుపు మండుతున్నా అది తన పని చేసుకుపోతుంది.

ఆ సెంటు అతను కొన్నదే. పెళ్లైన ఏడాదికి పార్మాలో కొన్నాడు, ముక్కు బాగున్న రోజుల్లో. మూత తీయగానే నారింజ తొక్క గుప్పుమనేది. నీవెస్ చెవుల వెనక అద్దుకుని మెట్లు దిగేలోగా ఆ నారింజ ఎగిరిపోయేది, వయొలెట్లు మిగిలేవి. నారింజ పోకముందే పట్టుకుంటానని అతను మెట్ల మీద ఆమె వెంటపడేవాడు. అంటే ఆ నారింజ ఎవరికి తెలుస్తుంది? ఆమె సెంటు అద్దుకుంటున్నప్పుడు పక్కనే ఉన్నవాడికి. మొగుడి ప్రమాదం తర్వాత ఆమె ఆ సీసా ముట్టుకోవడం అతను చూడలేదు. తుల్లియో ఈ ఊళ్లకి తిరిగొచ్చింది ఈ వసంతంలో.

"ఫెర్మో, ఇప్పుడు నాకు చెప్పిందంతా ప్రాసిక్యూటరు ముందు చెబుతావా?"

"ముక్కు సంగతి కూడానా?"

అది చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుందో, అది గేటు దగ్గర నుంచి బూట్ల చప్పుడుతో వస్తోంది.

ప్రాసిక్యూటరు పెద్దాయన, ఓపిక తక్కువ మనిషి. టోపీ కూడా తియ్యలేదు. వెనకాలే చెసీరా వచ్చి గుమ్మంలో నిలబడింది. తుల్లియో సూటిగా గాందోల్ఫి ముందుకొచ్చి అరచెయ్యి చాపాడు.

"పిస్తోలు ఇవ్వు ఒరెస్తె."

"ఎందుకు?"

"మర్యాదగా అడుగుతున్నాను. దొత్తోరె, ఈ గదిలో ఉన్న సెంటు, ఈ మనిషి కోటు మీద ఉన్న సెంటు ఒకటే. అది ఇతని భార్యది. ఆమె లెయార్కో దగ్గరికి వస్తూ పోతూ ఉంది. ఇతను వాసన పట్టాడు. ఒక రాత్రి వచ్చాడు, కొట్టాడు. పొద్దున్నే అధికారిగా వచ్చి విచారణ మొదలుపెట్టాడు. నిన్న రాత్రి ఎక్కడున్నాడో అడగండి."

"వంతెన దగ్గర కాపలా," అన్నాడు గాందోల్ఫి.

"ఎవరితో?"

"ఒంటరిగా."

"చూశారా?"

చెసీరా నోరు తెరిచింది. "మీ నీవెస్సా?" అని గొణిగింది. జాలో కోపమో తెలీని గొంతు. రేపటికల్లా ఊరంతా పాకే మాట అది.

ప్రాసిక్యూటరు గాందోల్ఫి వైపు తిరిగాడు. "నీ భార్య సంగతి నీకు తెలుసా?"

"ఇందాకటి దాకా తెలీదు. ఫెర్మో చెప్పాడు."

"నీ కోటు మీద, నీ ముక్కు కింద ఉన్న వాసన ఇంకొకడు చెబితే గానీ నీకు తెలీలేదా?"

"తెలీలేదు దొత్తోరె. నాకు ముక్కు లేదు. మూడేళ్లయింది. దాచాను." చెప్పేశాడు.

"అబద్ధం!" అన్నాడు తుల్లియో. "పదింటికి ఇక్కడే నిలబడి నారింజ వాసన వస్తోందన్నాడు. వీళ్లిద్దరూ విన్నారు."

"నిజం. విన్నాం," అంది చెసీరా.

గాందోల్ఫి ఫెర్మోని చూశాడు. ఫెర్మోకి మాట అక్కర్లేకపోయింది. పారేయడానికని మూల బుట్టలో వేసిన చెడ్డ తొడ ఒకటుంది. ఎముక పక్కనుంచి కుళ్లింది. అందులోకి సూదిని పూర్తిగా దించి లాగి, చెయ్యి దూరంగా చాపి పట్టుకుని వచ్చాడు. దారిలోనే చెసీరా మొహం తిప్పుకుంది. ప్రాసిక్యూటరు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, "దేవుడా!" అన్నాడు. తుల్లియో దగ్గాడు.

ఫెర్మో ఆ సూదిని గాందోల్ఫి ముక్కు కింద, పై పెదవికి తగిలేలా పెట్టాడు. గాందోల్ఫి నిండా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. రెప్ప కూడా కొట్టలేదు.

"చాలు, తియ్యవయ్యా అది!" అన్నాడు ప్రాసిక్యూటరు రుమాలులోంచి. "నమ్మాను."

"బొలోన్యా డాక్టరు పేరు కూడా ఇస్తాను. పదింటికి నేను చెప్పింది అబద్ధం దొత్తోరె. సిగ్గుపడి చెప్పాను, తుల్లియో ఏదంటే అదే అన్నాను. నారింజ లేదు. తెల్లవారుజామున, కిటికీలు తెరవకముందు కూడా లేదు. ఫెర్మోని అడగండి. ఆ సెంటు నేను కొన్నదే. అద్దుకున్న కాసేపటికి అందులో నారింజ ఎగిరిపోతుంది. ఆ కాసేపట్లో పక్కన నిలబడ్డవాడికి తప్ప ఇంకొకరికి తెలీదు." తుల్లియో వైపు తిరిగాడు. "పొద్దున వయొలెట్లు నా కాలరు మీద పట్టావు, సరే. నారింజ ఎక్కడ పట్టావు తుల్లియో?"

"నాకు తెలుసు ఆ సెంటు. పార్మాలో సగం మంది ఆడవాళ్లు పూసుకుంటారు."

"పూసుకుంటే పూసుకున్నారు. 'అప్పుడే వలిచినంత పచ్చిగా' అన్నావు. ఈ గదిలో వస్తోందన్నావు. లేనిదాన్ని ఎందుకు చూపించావు? గొప్పకి పోయావు. నీకు రాత్రి నుంచీ ముక్కులో అదే ఉంది. ఎక్కడ నిలబడ్డావు? ఆవిడ ఇటు తిరిగి కనీసం చూసిందా నీ వంక? పెళ్లికి ముందూ నీ మొహం చూడలేదు, ఇన్నేళ్లకి తిరిగొస్తే ఇప్పుడూ—"

"చూసింది!" తుల్లియో అరిచాడు. మొహం జేవురించింది. "చూసింది, తెలుసా? తలుపు ముందు లాంతరు కింద నిలబడి, నేనున్న చెట్టు వైపే చూస్తూ, సీసా తీసి నిదానంగా మెడకి అద్దుకుంది. రెండు గజాల దూరం! చూడు, నీకు కాదు అన్నట్టు అద్దుకుంది. నీకోసం కాదు, నాకోసం కాదు, ఆ తొడలు గుచ్చేవాడి కోసం! మర్యాదస్తుడైతే సరే, ఒక సూది మేస్త్రి! వాడిలో ఏముందసలు?"

తనేమన్నాడో చివరి మాట దగ్గర గానీ అతనికి తెలియలేదు.

ప్రాసిక్యూటరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కమిస్సారియో, మీ పిస్తోలు ఆ బల్ల మీద పెట్టండి," అన్నాడు. తుల్లియో పెట్టాడు. "మరెషాల్లో, మీ భార్య వాంగ్మూలం కావాలి. చెట్టు కింద మనిషిని ఆవిడ గుర్తుపట్టాలి."

చెసీరా ఆఫీసు గదిలో టెలిఫోను ఉంది. గాందోల్ఫి నంబరు తిప్పాడు. గుమ్మంలో ప్రాసిక్యూటరు, వెనకాల చెసీరా. నీవెస్ మొదటి గంటకే ఎత్తింది, పక్కనే కూర్చున్నట్టుంది.

"నిన్న రాత్రి చెసీరా కొట్టం తలుపు దగ్గర," అన్నాడు అతను. "చెట్టు కింద ఒక మనిషి ఉన్నాడు. చూశావా?"



"చూశాను," అంది.

"ఎవరని?"

"చీకటి. లాంతరు నా కళ్లలో కొట్టింది. కోటు, టోపీ మాత్రం కనబడ్డాయి." ఆమె ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "నువ్వే అనుకున్నాను ఒరెస్తె. ఇన్నాళ్లకి నా వెనకాల వచ్చావనుకున్నాను. అందుకే వెంటనే లోపలికి వెళ్లలేదు. నీకెలాగూ వాసన తెలీదు, కంటికన్నా కనబడనీ అని, నువ్వున్న వైపు తిరిగి పూసుకున్నాను. పొద్దున వాడు చచ్చాడని తెలిశాక కూడా నువ్వే చేశావనుకున్నాను."

"అనుకుని?"

"కోటు తొడుక్కుంటున్న నిన్ను పట్టుకుని వదల్లేదు కదా," అంది నీవెస్, ఏడుస్తూ. "వచ్చింది నువ్వు కాదా?"